హారన్ మోగుతోంది

చెల్లిని అత్తగారింట్లో దింపి రమ్మని పట్టుబట్టింది నేనే. కారు మాత్రం కదలలేదు.

మెకానిక్‌గా పనిచేసే మా తమ్ముడు బానెట్ ఎత్తాడు. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది. తాళం తిప్పితే ఇంజను ఉలకలేదు, పలకలేదు.

“బ్యాటరీ బాగానే ఉందక్కా. స్టార్టరుకే కరెంటు అందట్లేదు.”

“ఊళ్ళో బళ్ళన్నీ బాగుచేస్తావు. సొంత బండి దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోయాయా? అక్కడ దాని మొగుడు ఎదురుచూస్తుంటాడు.”

వాడు చేతులు తుడుచుకోవడానికి జేబులోంచి గుడ్డ లాగితే, చిన్న ఫ్యూజు ఒకటి నా కాళ్ళ దగ్గర పడింది.

“నువ్వే పీకేశావా?”

“చెబితే సర్దుకుపొమ్మంటావని పీకాను. దాని చెయ్యి చూశావా అక్కా? మోచేతిదాకా కమిలిపోయుంది.”

పొద్దున దాని కాపురం చల్లగా ఉండాలని ప్రార్థించినంతసేపూ ఆ చేతినే పట్టుకుని కూర్చున్నాను, కళ్ళు మూసుకుని.