తెరుచుకుంటాండాదా?

లెక్చరర్‌గా రిటైరైన తిమ్మయ్య, పత్తికొండలోని తన ఇంట్లోనే పాత లాప్‌టాప్‌తో ఒక వెబ్ సర్వర్ పెట్టాడు. ఫ్యాను కింద, పీట మీద. ఎండలకు అది వేడెక్కితే విసనకర్ర కూడా సిద్ధంగా ఉంది.

ఆన్‌లైన్‌లో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాడాయన. ఆదివారం పరీక్ష. తప్పితే పాత శిష్యుల ముందు తలెత్తుకోలేడు. కానీ నెల రోజులుగా ఇంట్లో నెట్ నత్తనడక. పాఠం చెప్పే ఆయన ప్రతి సాయంత్రం నోరు తెరిచి అలాగే ఆగిపోతున్నాడు. నెట్ ఆఫీసువాళ్లు వచ్చి, తీగలన్నీ తడిమి, "మా వైపు అంతా బాగుండాది సార్" అని కాఫీ తాగి పోయారు.

వీధివాళ్లంతా కలిసి అహోబిలం పోయొచ్చిన ఫోటోలను సర్వర్లో మొదటి పేజీగా పెట్టాడు తిమ్మయ్య. దాని చిరునామా వీధి వాట్సాప్ గ్రూపులో వేశాడు. "తెరుచుకుంటాండాదో లేదో చూసి చెప్పండప్పా" అని రాశాడు.

సాయంత్రం కాగితం, పెన్ను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

"శానా బాగుండాదన్నా!" అంది ఎదురింటి సుబ్బరత్నమ్మ. "కోతి నా కొబ్బరిచిప్ప లాక్కుండే ఫోటో మాత్రం తీసెయ్."

"వెంటనే తెరుచుకునిందామ్మా?"

"చిటికెలో!"

తిమ్మయ్య ఆమె పేరు రాసుకున్నాడు.

పక్కింటి శివశంకర్ మిద్దె మీది నుంచే అరిచాడు. "సార్, నా పొట్ట అంత లావుగా యాడుండాది? రవ్వంత తగ్గించండి సార్!"

"అది సర్వర్ చేతిలో లేదప్పా" అని అతని పేరూ రాసుకున్నాడు.

ఇంకో అయిదిళ్లలోనూ ఆహా ఓహో. పొగడ్తలు పెరిగేకొద్దీ తిమ్మయ్య మొహం వాడిపోతోంది.

వీధి చివర కిరాణా కొట్టు కేశవయ్య మాత్రం తల గోక్కున్నాడు.

"ఏమనుకోవద్దు సార్. పొద్దున్నుంచీ నొక్కుతానే ఉండా. తెరుచుకోలా. మా ఇంటామె ఫోన్లోనూ అంతే."

తిమ్మయ్య అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. "నువ్వు బంగారం కేశవయ్యా! రేపు పొద్దున ఉగ్గాని, బజ్జీ మా ఇంట్లోనే. ఆమెనూ పిలుచుకురా."

"తెరుచుకోలేదంటే బజ్జీలు పెడతానంటాడేందీయన?" కేశవయ్య బిత్తరపోయాడు.

ఆ చిరునామా, తిమ్మయ్య ఎవరికీ చెప్పని పాస్‌వర్డ్‌తో ఆయన ఇంటి వైఫైలోకి దూరిన ఫోన్లలో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు.