బిరడా

1938. అరకు కొండల మధ్య సరస్సు. మర్నాడు విద్యార్థులకు పాఠం చెప్పడానికి అడుగునీరు కావాలని వరహాలరావు మాస్టారు ఆ రాత్రే యూనివర్సిటీ పడవ తీయించారు. తెడ్డు వేస్తున్నది కొండవాడు గాసి.

బిరడా బిగించిన సీసాకు రాయి కట్టి, తాడును బిరడాకు కూడా ముడివేసి దింపారు. అడుగుకు చేరాక తాడును ఒక్కసారి గుంజితే బిరడా ఊడి, సీసా నిండుతుంది. మాస్టారు గుంజారు, సీసా నిండింది. కాని పైకి లాగి లాంతరు దగ్గర చూస్తే బిరడా బిగించే ఉంది.

"ఊడినట్టు లేదు," అన్నారు మాస్టారు.

"ఊడకపోతే నీలెలాగొచ్చాయి బాబూ? గుప్పెడు సామలు జల్లి అడక్కుండా ఈ నీటిని ముట్టుకోవద్దని సెప్పినాను. బేగి ఒడ్డుకెల్పోదాం."

మాస్టారు వినలేదు. ఎంత లాగినా ఆ బిరడా రాలేదు. సీసాను తాడు నుంచి విప్పి ఒళ్లో పెట్టుకుని, రెండోది కట్టి దింపారు. కప్పల అరుపులు ఎప్పుడు ఆగిపోయాయో ఆయనకు తెలియలేదు.

ఆయన ఇంకా గుంజలేదు. చేతిలో తాడు కదిలింది. కింది నుంచి, ఒక్కసారే, అచ్చం ఆయన గుంజినట్టే.

ఒళ్లో ఉన్న సీసా బిరడా ఊడి పడవలో దొర్లింది.