గాల్లో జీతం

హౌస్ సర్జన్సీ ముగించుకుని బాపట్ల ఇంటికొచ్చిన సారా, పోయిన సెలవుల్లో అన్నట్టే మిలటరీలో డాక్టరుగా చేరతానంది. తల్లి కాంతమ్మ ఏడవలేదు, వద్దనలేదు. నేరుగా జీతం దగ్గరికే వచ్చింది.

"ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్సు. ఎందులో ఎక్కువిస్తారే?"

"డాక్టర్లకి మూడింట్లోనూ ఒకటేనమ్మా."

"ఒకటెలా అవుద్ది? ఒకళ్లు నేలమీద నడుస్తారు, ఒకళ్లు నీళ్లమీద పోతారు. గాల్లో ఎగిరేవాళ్లకి ఓ పిసరు ఎక్కువుండదూ?"

"నేను ఎగరనమ్మా. ఎగిరేవాళ్ల నాలుక చూసి మాత్రలిస్తాను."

"అయినా సరే, ఎయిర్‌ఫోర్సే నయం."

సారా నవ్వింది. "జీతం ఒకటే అయినప్పుడు ఏదైతే ఏంటి? నేను నేవీ అనుకుంటున్నాను. బొంబాయిలో ఉండొచ్చు."

కాంతమ్మ మొహం ముడుచుకుంది. విసవిసా వంటింట్లోకి వెళ్లి, తళతళలాడే కొత్త స్టీలు క్యారేజీ తెచ్చి బల్లమీద టపీమని పెట్టింది.

"మన సందు చివర బస్సెక్కితే సూర్యలంక ఎయిర్‌ఫోర్సు గేటు దగ్గర దిగుతాను. బొంబాయి దాకా మోసుకొస్తే అన్నం చల్లారిపోదూ?"