సరి చూసినవాడు

“నొప్పి లేకుండా కళ్లు పీకబడును.”

ప్రెస్సు యజమాని కరపత్రాన్ని పైకే చదివి బల్ల మీద విసిరాడు. “పళ్ల డాక్టరు ఫోన్లో ఏడవలేదు, అంతే. సగం పంచేశారట. దీని ప్రూఫు చూసిందెవరు?”

ప్రూఫ్ రీడర్ కలం చేతిలోకి తీసుకున్నాడు. చూసింది తనే. అసలు చూడలేదు, అదే వచ్చిన చిక్కు. పొద్దున ఆ కాగితం వచ్చేసరికి ఇతగాడు తన జీవితానికో మంచి మాట వెతుక్కుంటున్నాడు. ప్రతివాళ్లూ ఒక సూక్తి ఎంచుకుని సీటు వెనక గోడకు అంటించుకోవాలని యజమాని హుకుం. ‘ఎవరికీ బెదరను’ అంటే కొమ్ములొచ్చినట్టుంది. ‘అందరితో మంచిగా ఉంటాను’ అంటే మరీ చప్పగా ఉంది. ధైర్యమూ ఉండాలి, అదుపూ ఉండాలి. ఆ ధ్యాసలోనే కరపత్రం మీద చదవకుండా ‘సరి’ అని గీకేశాడు. మరుక్షణమే మాట తట్టింది: ‘నిజం దాచను, నోరు జారను.’

“అడుగుతుంటే పలకరేం?” అన్నాడు యజమాని. “ప్రూఫు కాగితం తెండి, సంతకం ఉంటుందిగా. రెండో వైపు వాడందే ఈ ప్రెస్సులో ఏ కాగితమూ పారేయనివ్వను నేను.”

టైపు చేసే అక్క ప్రూఫ్ రీడర్ వైపు చూసింది. అతను కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

“కాగితం లేదు సార్,” అంది అక్క. “తొందరలో ప్రూఫు తియ్యకుండానే మెషీనుకి పంపేశాను. తప్పు నాదే.”

“పదకొండేళ్ల నుంచి చేస్తున్నదానివి, ఇదా పని? రేపట్నుంచి రాకమ్మా.”

నిజం చెప్పడానికి అతనికి కావలసినంత సమయం దొరికింది. అక్క కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. సీసాలో మిగిలిన నీళ్లు కుండీలో మొక్కకు పోసింది. సంచీ భుజానికి తగిలించుకుంది. అంతసేపూ అతను నోరు జారలేదు.

వెళ్తూ వెళ్తూ అతని బల్ల దగ్గర ఆగి, పెద్దక్షరాలతో అచ్చయిన కాగితం ముందు పెట్టింది.

“నీ సూక్తి తమ్ముడూ. మధ్యాహ్నమే తీసి ఉంచాను.”

“అక్కా, నేను...”

“అంటించే ముందు ఒకసారి సరి చూసుకో. టైపు చేసినవాళ్లకి వాళ్ల తప్పులు కనపడవు.”

ఆమె మెట్లు దిగిపోయింది. అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె చెప్పింది గనక కాగితం అక్షరం అక్షరం చదివాడు. ఒక్క తప్పు లేదు.

“మీదింకా అంటించలేదేం?” యజమాని గదిలోంచి కేకేశాడు.

అతను జిగురు సీసా మూత తీసి, పూయడానికి కాగితం తిరగేశాడు. వెనకవైపు ‘కళ్లు పీకబడును’ అన్న మాట పక్కనే ఎర్ర సిరాతో ‘సరి’, దాని కింద తన సంతకం.