బర్నబాస్ మాస్టారి మొదటి పాఠాలు

బంతి చేతికి రాగానే సామ్యేలు దాన్ని చంకలో పెట్టుకుని పరుగందుకున్నాడు.

"ఒరేయ్, అది బంతిరా, దొంగిలించిన కోడి కాదు. నేలకి కొడుతూ వెళ్ళాలి" అన్నారు బర్నబాస్ మాస్టారు.

అరవై ఎనిమిది నాటి మాట. రేపల్లె హైస్కూల్లో అప్పటిదాకా బాస్కెట్‌బాల్ ఎవరూ ఎరగరు. కబడ్డీ తెలుసు. అందుకే ఎదుటివాడికి బంతి చిక్కితే మన పిల్లలు బంతిని చూసేవాళ్ళు కాదు, వాడి కాళ్ళు పట్టుకునేవాళ్ళు. ఆ అలవాటు మాన్పించేసరికే చలికాలం గడిచిపోయింది.

సిమెంటు కోర్టు వేయించింది స్కూలు కమిటీ ప్రెసిడెంటు శేషగిరిరావు గారు, తండ్రిగారి పేరు మీద. కొలతలన్నీ ఆయనకు అప్పజెప్పి మాస్టారు క్రిస్మస్‌కు అత్తవారి ఊరు చీరాల వెళ్ళారు. వచ్చేసరికి స్తంభాలు నిలబడి ఉన్నాయి. వాటికి పసుపు రాసి కుంకుమ బొట్లు కూడా పెట్టారు.

అంతా బాగానే ఉంది. బంతి మాత్రం బుట్టలో పడేది కాదు.

అరచేత్తో కాదు, వేళ్ళతో కొట్టాలని నేర్పారు మాస్టారు. మోకాళ్ళు వంచడం నేర్పారు. మణికట్టు విదిలించడం నేర్పారు. పిల్లలు బుద్ధిగా అన్నీ చేశారు. బంతి కూడా బుద్ధిగా రింగుకు తగిలి వాళ్ళ నెత్తి మీదే పడేది.

"మీరొకసారి వేసి చూపించండి సార్" అన్నాడు సామ్యేలు.

మద్రాసు ట్రైనింగ్ కాలేజీలో కళ్ళు మూసుకుని వేసిన మనిషి. వేశారు. అదీ రింగు కిందే తగిలింది. పిల్లలు నవ్వలేదు పాపం. నేల చూపులు చూశారు.

ఇంటికెళ్ళి భార్య కరుణతో చెప్పుకున్నారు.

"నలభై దాటాక చెయ్యి మునుపట్లా లేస్తుందేంటండి" అందావిడ, కూర వడ్డిస్తూ.

మాస్టారు గుంటూరు వెళ్ళి కళ్ళు చూపించుకున్నారు. కళ్ళు లక్షణంగా ఉన్నాయన్నాడు డాక్టరు. దాంతో ఉన్న ఒక్క ఆశా పోయింది.

అసలు బెంగ వేరే ఉంది. మినుముల కోతలు వచ్చాయి. అంత చక్కటి సిమెంటు నేల పిల్లల పాలు కావడం శేషగిరిరావు గారికి కంటగింపుగా ఉంది.

"బాపట్లవాళ్ళతో పోటీ పెట్టండి మాస్టారూ. గెలిస్తే కోర్టు మీదే. ఓడితే మాత్రం మినుములు ఎండబోసుకుంటానండి" అన్నారాయన.

బాపట్ల జట్టంటే చుట్టుపక్కల హడల్. ఆ రోజు నుంచి మాస్టారికి ముద్ద దిగలేదు. కోర్టు పోతే పోయింది, ఆట రాని మాస్టారన్న పేరు మిగిలిపోతుందని దిగులు. పిల్లల్ని పొద్దున్నా సాయంత్రం తోమేశారు. గొంతుక్కూర్చున్నంతగా వంగి, వామి మీదికి గడ్డి విసిరినట్టు బంతిని పైకి విసరడం వాళ్ళకు అలవాటైంది. చూడ్డానికి బాగుండేది కాదు. కానీ పడసాగింది.

పోటీ నాడు బాపట్ల జట్టు తెనాలిలో బండి మారి రేపల్లెలో దిగింది. కాన్వాసు బూట్లు, నెంబర్లున్న బనియన్లు. వాళ్ళ నడక చూసే మనవాళ్ళకు చెమటలు పట్టాయి.

ఆట మొదలైంది. బాపట్లవాళ్ళు అందంగా పరుగెత్తారు, అందంగా ఎగిరారు, అందంగా వేశారు. ఒక్కటీ పడలేదు. మనవాళ్ళు వంగి, లేచి, విసిరారు. పడింది. మళ్ళీ పడింది. చూడవచ్చిన ఊరంతా ఈలలు వేసింది.

రేపల్లె గెలిచింది. మాస్టారికి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చేశారు.

బాపట్ల మాస్టారు సంజీవరావు గారు వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

"మావాళ్ళకి ఏమైందో నాకు తెలియట్లేదండి. మీరేం నేర్పారో దాచకుండా చెప్పండి."

"ఏముందండి, మొదటి పాఠాలే. మోకాళ్ళు, మణికట్టు" అన్నారు మాస్టారు, చేతనైనంత వినయంగా.

"అయితే వచ్చే ఆదివారం మా కోర్టులో ఆడదామండి. నాలుగు రోజులు ముందే వచ్చి మా పిల్లలకీ కాస్త నేర్పండి."

"దానికేం, తప్పకుండా" అని ఊరందరూ వింటుండగా మాటిచ్చేశారు మాస్టారు.

బాపట్లవాళ్ళ బండి కదిలాక శేషగిరిరావు గారు మాస్టారి భుజం మీద చెయ్యి వేశారు. మినుముల ఊసే ఎత్తలేదు. ముఖం వెలిగిపోతోంది.

"పేరంతా మీకే వచ్చింది గానీ మాస్టారూ, ఇందులో నా చెయ్యీ ఉందండి" అన్నారు.

"మీరేంటండి చేసింది?"

"మీరు పది అడుగులన్నారు గదా, శుభమా అని కట్టిస్తూ సున్నాతో ఆపడం ఎందుకని, నూటపదహార్ల పద్ధతిలో రెండు రింగులూ పదకొండు అడుగులకి నేనే పెట్టించానండి."