సరిపోలని వేలిముద్ర

“ఇంకోసారి పెట్టు లక్ష్మక్కా. గట్టిగా అదుము,” అన్నాడు జోయల్.

ఆమె బొటనవేలిని చీర చెంగుతో తుడుచుకుని మిషన్ మీద ఒత్తింది. మిషన్ కుయ్యిమని ఎర్రదీపం వెలిగించింది. ఇది మూడోసారి.

“సరిపోలలేదంటాంది.”

జోయల్‌ది తాడిపత్రి. పెద్ద బ్యాంకు తరఫున ఈ ఊళ్ళో డబ్బులిచ్చే పనికి కుదిరి నెల కూడా కాలేదు. మనుషులకంటే వాళ్ళ ఖాతా నంబర్లే అతనికి ఎక్కువ తెలుసు. పాసుపుస్తకం మళ్ళీ తెరిచి చూశాడు. పేరు లక్ష్మక్క. ఫొటోలో అదే కోలమొహం, అవే పెద్ద కళ్ళు.

“శెనక్కాయలు ఒలిచి ఒలిచి గీతలు అరిగిపోయింటాయిలే. కళ్యాణదుర్గం బ్రాంచిలో కాగితమిస్తే నాలుగు రోజుల్లో సరిచేస్తారు.”

“నాలుగు రోజులా? చెల్లెలు సరళ కాలిరిగి ఆస్పత్రిలో పడుండాదప్పా. మధ్యాహ్నంలోగా ఆరువేలు కడితేనే ఆపరేషనంట. ఖాతాలో దుడ్లుండాయి కదా?”

“ఉండాయి. కానీ నువ్వే లక్ష్మక్కవని మిషన్ ఒప్పుకోవల్ల గదా.”

ఆమె ముఖం పాలిపోయింది. పక్కగదిలోంచి నవ్వు వినిపించింది. అది పొదుపు సహకార సంఘం ఆఫీసు. దాని కార్యదర్శి సుజాత గుమ్మంలోకొచ్చి, ఆమెను ఒకసారి ఎగాదిగా చూసింది.

“ఏమప్పా జోయలూ, మీ మిషన్‌కు కండ్లు లేవా?”

“కండ్లు మోసపోతాయి సుజాతక్కా. మిషన్ మోసపోదు.”

“అట్లనా. లక్ష్మక్క మా సంఘంలో గూడా సభ్యురాలే. రెండేండ్ల కిందట వాటా కట్టింది. దాచుకున్నదంతా మాత్రం మీ ఏసీ బ్యాంకులోనే పెట్టింది. ఈడికి మార్చుకోమని ఎన్ని తూర్లు చెప్పినా వినలేదు.”

ఆమె తలదించుకుంది. “ఈ గండం గడవనీ సుజాతా. అంతా ఈడికే మార్పిస్తా.”

“అది తర్వాత. ముందు లోపలికి రా.”

జోయల్ ఉండబట్టలేక వెనకే వెళ్ళాడు. సంఘం ఆఫీసంటే ఒక బీరువా, ఒక బల్ల, గాలికన్నా చప్పుడెక్కువ చేసే ఫ్యాను.

“ఈ ఫ్యాను కింద కూర్చునేదానికి మా బ్యాంకు వదిలి రావల్లనా అక్కా?”

“ఫ్యాను పాతదే. కానీ మాది. మీ ఏసీ ఎవురిదప్పా?” సుజాత బీరువా తాళం తీస్తూ అంది. “మీ దాంట్లో ఏసిన దుడ్లు యాడికి పోతాయో నీకే తెలీదు. ఈడ ఏసినవి ఈ ఊళ్ళోనే తిరుగుతాయి. కుళ్ళాయప్ప గొర్రెలు కొన్న్యాడు, మా వదిన కుట్టుమిషన్ తెచ్చుకునింది. వడ్డీ తక్కువ. లాభమొస్తే సభ్యులకే పంచుతాం. తేడా వస్తే మీటింగులో నన్ను నిలబెట్టి కడిగేస్తారు. మీ మేనేజర్‌ను నువ్వు అట్లా అడగ్గలవా?”

“అడిగితే రాత్రికి తాడిపత్రిలో ఉంటా.”

సుజాత నవ్వింది. డబ్బు కోసం వచ్చినామె కూడా నవ్వబోయి, గోడ గడియారం చూసి ఆగిపోయింది.

సుజాత ఆరువేలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. అప్పుల పుస్తకంలో లక్ష్మక్క పేరు రాసింది. డబ్బు కోసం వచ్చినామె పెన్ను అందుకుంది గానీ, ఆ పేరు చూసి మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. సుజాత మెల్లగా పుస్తకం మూసేసింది.

“సంతకం ఇప్పుడొద్దులే. సాయంత్రం నేనే ఆస్పత్రికొచ్చి పెట్టిచ్చుకుంటా.”

జోయల్ నోరు తెరిచాడు. “వేలిముద్ర లేదు, సంతకం లేదు. మా దాంట్లో ఇట్లా చేస్తే ఉద్యోగం ఊడుతాది. ఏం చూసి ఇస్తాండావక్కా?”

“మనిషి ఎవురో తెలుసు కాబట్టి ఇస్తాండా.”

“నీ సంఘం ఎన్నాళ్ళుంటాదో నేనూ చూస్తా,” అని నవ్వాడు జోయల్. రేపు బ్రాంచిలో ఈ సంగతి చెప్పి అందరినీ నవ్వించాలనుకున్నాడు.

బయట కళ్యాణదుర్గం బస్సు హారన్ కొట్టింది. ఆమె నోట్లను చెంగున ముడివేసుకుని, కళ్ళు తుడుచుకుని, చేతులు జోడించబోయింది. సుజాత ఆ చేతులను పట్టుకుని కిందికి దించింది.

“బస్సు పోతాది సరళా, ఆస్పత్రిలో మీ కవలక్క ఎదురుచూస్తాంటాది.”