ఎర రంగు

"ఏదైనా ఒకటేరా. చవకది పడెయ్," అన్నాడు హాలిస్.

టెనెసీ నది ఒడ్డున ఎరల కొట్టులో, గోడ నిండా వేలాడుతున్న ప్లాస్టిక్ వానపాముల ముందు నిలబడ్డ వెర్నన్ ఆశ్చర్యంగా అన్న వైపు తిరిగాడు. బాస్ చేపకు ఏ నీళ్లలో ఏ రంగు ఎర వెయ్యాలో తనకు తిట్టి తిట్టి నేర్పినవాడు హాలిసే.

"బురదనీళ్లలో ఆకుపచ్చది వేస్తే మొట్టికాయ వేసేవాడివి కదన్నయ్యా!"

"ఇప్పుడంత ఓపిక లేదు. తొందరగా తెమలరా."

వెర్నన్ ఎర్రటి వానపాముల ప్యాకెట్ ఒకటి తీసి అన్న ముఖం ముందు పెట్టాడు. "అయితే ఈ నల్లవి తీసుకోనా?"

"ఆఁ, నల్లవైతే బాగుంటాయి," అన్నాడు హాలిస్, ప్యాకెట్‌కు కాస్త పక్కగా చూస్తూ.

వెర్నన్ ఎర్రవాటిని మెల్లగా కొక్కేనికి తగిలించి, నల్లవి తీసుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి అన్నయ్యా?"

"చలికాలం నుంచి. షుగరేరా. మీ వదినకు చెప్పకు."

"మరి ఇందాక ట్రక్కు నడిపింది నువ్వే కదా!"

"దారి తెలుసుగా."

వెర్నన్ చెయ్యి చాపి, "తాళాలు ఇలా ఇవ్వు," అన్నాడు.

ఆ ట్రక్కు స్టీరింగును ఏనాడూ ఎవరినీ ముట్టుకోనివ్వని హాలిస్, జేబులోంచి తాళాలు తీశాడు. తమ్ముడి చెయ్యి ఎక్కడుందో గాలిలో తడుముకుని, అందులో పెట్టాడు.